మా బీపీ నంబరు మాకు చెప్పండి

సంపాదకుల వారికి నమస్కారం.

నేను తిరుపతి కొర్లగుంటలో ఉంటాను, ఇంట్లోనే జాకెట్లు కుడతాను, పేపర్‌కి ఇంతవరకు ఎప్పుడూ ఉత్తరం రాసినదాన్ని కాదు. మీ జిల్లా పేజీలో అప్పుడప్పుడు ఒక మూలన చిన్న వార్త వస్తుంటుంది, కాన్పయిన రెండు మూడు రోజులకి ఫిట్స్ వచ్చి బాలింత చనిపోయిందని, బంధువులు ఆస్పత్రి ముందర కూర్చున్నారని, పోలీసులు వచ్చి సర్దిచెప్పి పంపించినారని. నాలుగు లైన్లలో అయిపోతుంది. ఆ బాలింతకి ఫిట్స్ ఎందుకొచ్చినాయి, అంతకు ముందు నెల ఆమె బీపీ ఎంత ఉండింది, ఆ నంబరు ఆమెకి ఎవరన్నా నోరు తెరిచి చెప్పినారా లేదా, ఇది మాత్రం ఆ వార్తలో ఎప్పుడూ ఉండదు. మొన్న మళ్ళీ అట్లాంటిదే ఒకటి చదివినాను, రాత్రంతా నిద్ర పట్టలేదు, పొద్దున్నే కూర్చుని ఇది రాస్తా ఉన్నాను. పదేళ్ళ కింద ఆ నాలుగు లైన్లు నా గురించే రావాల్సింది. నాకు వచ్చింది కడుపుతో ఉన్నప్పుడు బీపీ పెరిగే జబ్బు, డాక్టర్లు ప్రీఎక్లాంప్సియా అంటారు, అది ముదిరితేనే ఆ ఫిట్స్ వస్తాయి.

2015లో నాకు తొలి కాన్పు. నెలనెలా మా ఇంటికి దగ్గర్లోని ఒక క్లినిక్‌లో చూపించుకునేదాన్ని, పేరు రాయను, ఎవరి మీదా కక్ష లేదు. క్లినిక్ రెండో అంతస్తులో ఉండేది, మెట్లెక్కి ఆయాసపడతా పోతే కూర్చోబెట్టిన వెంటనే సిస్టర్ జాకెట్టు చెయ్యి మీదనే పట్టీ చుట్టేసి, గబగబా గాలి కొట్టి, కార్డులో ఏదో రాసి "తర్వాత ఎవరు" అనేది. ఎంతుంది సిస్టర్ అంటే "నార్మలేనమ్మా" అనేది, మళ్ళీ అడగాలంటే మొహమాటం, వెనకాల ఇరవై మంది క్యూలో ఉంటారు. ఆ కార్డు ఇప్పటికీ నా బీరువాలో ఉంది. నాలుగు నెలలు వరసగా 110/70 అని ఒకే చేతిరాత. నాలుగు నెలలు ఒకే నంబరు ఎట్లా వస్తుంది సార్? నేను టైలర్ని, మామూలు మనిషికే ఆర్నెల్లకి కొలత మారిపోతుంది, కడుపుతో ఉన్న మనిషికి వారం వారం మారుతుంది, అట్లాంటిది ఆమె రక్తపోటు మాత్రం రాయి మీద చెక్కినట్టు కదలకుండా ఉంటుందా?

ఏడో నెలలో సీమంతం చేసి అమ్మావాళ్ళు నన్ను దామలచెరువు దగ్గర మా ఊరికి పిల్చుకొని పోయినారు. తొలి కాన్పు పుట్టింట్లోనే కదా మన పక్క. చీరలు, గాజులు, పసుపు కుంకుమ, స్వీటు డబ్బాలు అన్నీ సర్దినారు గానీ నా ఫైలు తిరుపతిలోనే ఉండిపోయింది, స్కానింగ్ కాయితం ఒక్కటి మడిచి పర్సులో పెట్టుకున్నా అంతే. అక్కడ కొత్త డాక్టరు, కొత్త చీటీ. ఎనిమిదో నెలలో చూస్తే 138/88 ఉందంట, అది కూడా నాకు చెప్పలేదు, తర్వాత చీటీలో చూసుకున్నాను. ఆమె తప్పు కూడా కాదేమో, 140/90కి చేరితేనే జబ్బు కింద లెక్క, ఆమె ముందర ఉన్నది ఒక్క నంబరే, నేను అంతకు ముందు ఎంతలో ఉన్నానో ఆమెకి ఎట్లా తెలుస్తుంది? మొదట్లో 100/60 ఉండే మనిషి ఎవరైనా సరే 138/88కి వచ్చిందంటే వారానికి రెండు సార్లయినా చూడాల్సిన మనిషి. ఆమె "నెల తర్వాత రామ్మా" అనింది.

ఆ నెలలో ఏమేం జరిగిందో రాస్తాను, ఎందుకంటే ఇది చదివే ఇంట్లో కూడా కడుపుతో ఉన్న ఎవరో ఒక పాపకి ఇదే జరగతా ఉండొచ్చు.

ముందు కాళ్ళు వాచినాయి. కడుపుతో ఉంటే కాళ్ళు వాచకుండా ఉంటాయా అన్నారు అందరూ, నిజమే, ఊరికే కాళ్ళ వాపు చాలా మందికి వస్తుంది. కానీ నాకు ఒక్క వారంలో చేతులు, మొహం కూడా వాచినాయి, పొద్దున్నే లేస్తే కళ్ళు సగమే తెరుచుకునేవి. సీమంతానికి వేసిన గాజులు, వేసినప్పుడు చేతిలో గలగలలాడినవి, మణికట్టులోకి దిగబడిపోయినాయి. అమ్మ సబ్బు రాసి లాగింది, రాలేదు. ఎర్రటి గీతలు పడిపోతా ఉంటే చివరికి రెండు గాజులు గుడ్డ చుట్టి పగలగొట్టాల్సి వచ్చింది. కడుపుతో ఉన్న పిల్లకి గాజులు పగలగొట్టడమా అని అమ్మ ఒకటే ఏడుపు, ఆమె భయమంతా గాజుల గురించే. అవ్వ బార్లీ నీళ్ళు కాచి ఇచ్చింది, కూరలో ఉప్పు తీసేసినారు. తలనొప్పి మొదలైంది, అమృతాంజనం పూసుకుని పడుకునేదాన్ని, తగ్గేది కాదు. తర్వాత కళ్ళ ముందు మిణుగురు పురుగులు తిరిగినట్టు తళుకు తళుకుమని, నీరసం అన్నారు. ఒక రాత్రి కుడిపక్క డొక్క కింద పట్టేసింది, ఊపిరి తీసుకోలేకపోయినాను, గ్యాస్ అని సోడా తాగించినారు.

ఇప్పుడు నాకు తెలుసు. తగ్గని తలనొప్పి మెదడు చెప్పే మాట, కళ్ళ ముందు మెరుపులు కూడా అదే, డొక్క కింద నొప్పి లివర్ చెప్పే మాట. మూడూ మా ఇంట్లో వినిపించినాయి, మూడింటికీ మేం వంటింటి మందే ఇచ్చినాం. మా అమ్మ మీద, అవ్వ మీద నాకు కోపం లేదు, వాళ్ళు నన్ను కంటికి రెప్పలాగా చూసుకున్నారు. వాళ్ళకి ఈ మూడు గుర్తులు ఎవరూ చెప్పలేదు, అదే నా బాధ.

సోడా తాగిన మరుసటి రోజు పొద్దున దగ్గర్లోని ఆస్పత్రికి పోతే సిస్టర్ ఒకసారి బీపీ చూసింది, మళ్ళీ చూసింది, ఇంకో సిస్టర్‌ని పిలిచింది, ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నాకు చెప్పలేదు. యూరిన్ తీసుకుని చిన్న గాజు గొట్టంలో పోసి దీపం మీద కాచినారు, నేను చూస్తా ఉండగానే పైన కోడిగుడ్డు తెల్లసొన ఉడికినట్టు తెల్లగా గడ్డ కట్టింది. ఒంట్లో ఉండాల్సిన ప్రోటీన్ యూరిన్‌లోకి పోతే అట్లా వస్తుందంట. "తిరపతికి తీసుకుపోండి, ఇక్కడ కాదు" అన్నారు. ఇంజెక్షన్ ఇవ్వలేదు, కాయితం మీద ఏమీ రాసివ్వలేదు, 108కి మా తమ్ముడే ఫోన్ చేసినాడు.

జూన్ నెల, మామిడికాయల సీజన్, దామలచెరువు మండీల ముందర బెంగళూరా కాయల ట్రాక్టర్లు వరసగా నిలబడి ఉన్నాయి, అంబులెన్స్ సైరన్ కొట్టుకుంటా ఆగుతా ఆగుతా పోతా ఉంది. లోపల ఉన్న పిల్లోడికి పాతికేళ్ళు కూడా ఉండవు. పట్టీ చుట్టి చూసి నా మొహంలోకి చూసి చెప్పినాడు, "అక్కా, నీ బీపీ 176/114 ఉంది, ఇది చాలా ఎక్కువ, ఆస్పత్రిలో దిగంగానే మొదట ఈ నంబరే చెప్పు, మర్చిపోవద్దు." ఎనిమిదిన్నర నెలల్లో నా బీపీ నంబరు నాకు చెప్పిన మొదటి మనిషి అతనే. చంద్రగిరి దాటేదాకా మంత్రం చదివినట్టు అదే అనుకుంటా వచ్చినాను, నూట డెబ్బై ఆరు బై నూట పద్నాలుగు. ఆస్పత్రి గుమ్మంలో "ఏమైందమ్మా" అని ఎవరో అడిగితే ఆ నంబరే చెప్పినాను, చీటీ రాయించుకో అనలేదు, క్యూలో నిలబడమనలేదు, స్ట్రెచర్ మీద నేరుగా లోపలికి తీసుకుపోయినారు.

సంపాదకులు గారూ, నేను చెప్పదలుచుకున్న విషయం మొత్తం అదే. ఆ నంబరు నా నోట్లో ఉండబట్టి నేను బతికినాను.

లోపల ఫిట్స్ రాకుండా మెగ్నీషియం సల్ఫేట్ అనే మందు ఇచ్చినారు. నరంలోకి కొంత, రెండు పిరుదుల్లో ఒక్కొక్కటి, ఆ నొప్పి ఎట్లా చెప్పాలి, కాలుతున్న ఇనుము దించినట్టు, ఒళ్ళంతా వేడి ఆవిరి కమ్మేసి గొంతు ఎండిపోయింది. నాలుగు గంటలకొకసారి మళ్ళీ సూది. ప్రతిసారీ సూదికి ముందర ఒక సిస్టర్ వచ్చి నా మోకాలి చిప్ప కింద కొట్టి చూసేది, కాలు ఎగురుతుందా లేదా అని, ఊపిరి లెక్క పెట్టేది, యూరిన్ సంచిలో ఎంత పడిందో చూసి రాసేది. ఆ మందు ఎక్కువైపోతే ముందు మోకాలు ఎగరడం ఆగిపోతుంది, తర్వాత ఊపిరి మీదికొస్తుంది, అందుకే అంత కాపలా. అర్ధరాత్రి రెండింటికి కూడా ఆమె వచ్చింది, నిద్ర కళ్ళతోనే వచ్చింది గానీ ఒక్కసారి కూడా మానలేదు. ఆమె చెయ్యి ఇప్పటికీ నాకు గుర్తు. మా ఆడపడుచు కూతురు నర్సింగ్ చదివింది, ఆ పాపే తర్వాత నాకు అన్నీ విడమరిచి చెప్పింది, ఆ మందు కొత్తదీ కాదు ఖరీదైనదీ కాదంట, 33 దేశాల్లో పదివేల మంది గర్భిణీల మీద పరీక్ష చేసి 2002లో తేల్చినారంట, ఇస్తే ఫిట్స్ వచ్చే ప్రమాదం సగానికి పైగా తగ్గుతుందని. పెద్దాస్పత్రికి పంపించే ముందు మొదటి డోసు అక్కడే ఇచ్చి పంపమని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెప్తుందంట. నన్ను ఉత్త చేతులతో పంపించినారు. దార్లో ట్రాక్టర్ల మధ్యన ఫిట్స్ రాలేదంటే అది వెంకన్న దయ, అందరికీ అట్లా కలిసిరాదు కదా.

ఆపరేషన్ చేసి పాపని తీసినారు. 1.9 కిలోలు. ఈ జబ్బులో తల్లి నుంచి బిడ్డకి పోవాల్సిన రక్తం సరిగ్గా పోదు, అందుకే నెలలు దగ్గర పడినా బిడ్డ ఎండిపోయి ఉంటుంది. పన్నెండు రోజులు గాజు పెట్టెలో పెట్టినారు, నేను గిన్నెలోకి పాలు పిండి పంపించేదాన్ని. ఇప్పుడు అదే పాప ఐదో తరగతి.

నా పక్క బెడ్‌లో ఏర్పేడు పక్క నుంచి వచ్చిన ఒక పాప ఉండేది. ఇరవై రెండేళ్ళు. వేరే చోట నార్మల్ డెలివరీ అయి మూడో రోజే ఇంటికి పంపించేసినారంట, బీపీ మాత్రలు లేవు, మళ్ళీ వచ్చి చూపించుకో అన్న మాట లేదు. ఏడో రోజు తలనొప్పి అనింది, బాలింతకి చలిగాలి కొట్టిందని చెవుల్లో దూది పెట్టి తలకి గుడ్డ కట్టి సాంబ్రాణి పొగ వేసినారు. సాయంత్రానికి కళ్ళు తేలేసి కొట్టుకుంటా ఉంటే చేతిలో తాళంచెవుల గుత్తి పెట్టినారు, గాలి సోకిందని వేపమండలు తెచ్చినారు, రెండోసారి ఫిట్స్ వచ్చినాక ఆటోలో ఎక్కించినారు. బతికింది. కానీ ఆమెకి తన బిడ్డ మొదటి పది రోజులు గుర్తులేవు. పురిటి నొప్పులు గుర్తులేవు, బిడ్డ ఏడుపు మొదటిసారి విన్నది గుర్తులేదు, మగబిడ్డని ఎత్తుకుని "ఈ బిడ్డ నాకే పుట్టిందా అక్కా" అని నన్ను అడిగింది. ఆ మాటకి ఏం జవాబు చెప్తాం సార్. నేను ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాను, అంతకన్నా ఏం చేయలేకపోయినాను.

ఒక విషయం చాలా మందికి తెలియదు, నాకూ తెలియదు. కాన్పు అయిపోతే ప్రమాదం అయిపోయినట్టు కాదు. మూడో రోజుకీ ఆరో రోజుకీ మధ్యన బీపీ మళ్ళీ పైకి లేస్తుంది, ఆరు వారాల దాకా జాగ్రత్తగా ఉండాల్సిందే, కడుపుతో ఉన్నప్పుడు బీపీ అసలు లేనివాళ్ళకి కూడా కాన్పయినాక రావచ్చు. సరిగ్గా ఆ రోజుల్లోనే మనం బాలింతని నాలుగు గోడల మధ్య పెట్టి, గాలి తగలకూడదు, బయటికి అడుగు పెట్టకూడదు, మంచినీళ్ళు కూడా కొలిచి ఇస్తాం. ఆమె తలనొప్పి అంటే ఇంట్లో పది కారణాలు చెప్తారు, ఆ పదిలో బీపీ మాత్రం ఉండదు. నలభై ఐదు రోజులకి బిడ్డకి టీకా వేయించడానికి మాత్రం ఎంత ఎండైనా ఎత్తుకుపోతారు, అక్కడ బీపీ మిషన్ ఆ టేబుల్ మీదనే ఉంటుంది, బిడ్డని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న తల్లి చేతికి రెండు నిమిషాలు ఆ పట్టీ చుట్టరు.

బీపీ అనే మాటకి మన భాషలో ఇంకో అర్థం పడిపోయింది, అది కూడా మాకు శాపమే. "నాకు బీపీ తెప్పించొద్దు" అంటాం, అంటే కోపం తెప్పించొద్దు అని. అందుకే కడుపుతో ఉన్న పాపకి బీపీ అంటే ఇంట్లో అందరూ ఆమె గుణం మీద పడతారు. టెన్షన్ పడతా ఉంటుంది, ఊరికే ఏడుస్తా ఉంటుంది, సెల్లు చూస్తా ఉంటుంది, అత్తతో మాటామాటా అనుకునింది, అందుకే వచ్చింది. మా అత్త మంచిదే, ఆమె కూడా "కొంచెం మనసు నిమ్మళంగా పెట్టుకోవాల్సిందమ్మా" అనింది, చానాళ్ళు నేను కూడా నా కోపమే నా బిడ్డని గాజు పెట్టెలోకి తోసిందని నమ్మి రాత్రుళ్ళు ఏడ్చినాను. కాదు. ఇది మాయలోంచి మొదలయ్యే జబ్బు. బిడ్డకి అన్నం నీళ్ళు పంపించే ఆ మాయలోకి తల్లి రక్తనాళాలు మొదటి నెలల్లోనే సరిగ్గా విచ్చుకోవు, మనకి ఇంకా వేవిళ్ళు కూడా తగ్గని రోజుల్లోనే ఆ లోపం పడిపోయి ఉంటుంది, తర్వాత ఆ మాయ నుంచి రక్తంలోకి దిగే పదార్థాలు కిడ్నీ, లివర్, మెదడు అన్నింటి మీదా పని చేస్తాయి. అందుకే మాత్రలు బీపీని అదుపులో పెడతాయి గానీ జబ్బు పోవాలంటే కాన్పయి మాయ బయటికి రావాల్సిందే. మా పెద్దవాళ్ళు గుర్రపువాతం అనేవాళ్ళు చూడండి, కాన్పు రోజుల్లో వచ్చే ఫిట్స్‌ని, ఆ పేరు పెట్టినవాళ్ళు కనీసం దాన్ని ఒక జబ్బుగా గుర్తుపట్టినారు, ఆడదాని కోపం అనలేదు.

ఇంకోటి నేను చానా ఆలోచించినాను. ఈ జబ్బు ఎక్కువగా వచ్చేది తొలి కాన్పులో. వచ్చేది ఐదో నెల దాటినాక, ఎక్కువ మందికి ఏడు, ఎనిమిది, తొమ్మిది నెలల్లో. మన ఆచారం ప్రకారం తొలి కాన్పుకి ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో పాపని పుట్టింటికి పంపిస్తాం. అంటే సరిగ్గా కన్ను వేసి ఉంచాల్సిన టైంలోనే డాక్టరు మారిపోతుంది, ఊరు మారిపోతుంది, ఆశా కార్యకర్త మారిపోతుంది, కార్డు ఒకచోట మనిషి ఒకచోట. నేను ఆచారం మానుకోమనడం లేదు, ఆ టైంలో అమ్మ దగ్గరుంటే ఉండే ధైర్యం ఇంకెక్కడా రాదు. కార్డు కూడా పాపతో పాటు పోవాలి అంటున్నా, అంతే. అత్తగారి ఊరి ఆశా ఆమె పుట్టింటి ఊరి ఆశా ఆమెకి ఒక్క ఫోన్ చేసి "ఈ పాప వస్తా ఉంది, మొదట్లో బీపీ ఇంత, పోయిన వారం ఇంత" అని చెప్తే చాలు. వాళ్ళకి ఉండే పని నాకు తెలుసు, ఇచ్చే డబ్బులూ తెలుసు, ఇంకో పని నెత్తిన పెట్టమని అనడం కాదు, ఆ ఫోన్ కూడా వాళ్ళ డ్యూటీలో రాసి దానికి లెక్క కట్టి ఇవ్వమని పైవాళ్ళని అడుగుతున్నాను.

2020లో రెండో కాన్పు. ఒకసారి వచ్చినవాళ్ళకి మళ్ళీ వచ్చే అవకాశం ఎక్కువ అని ఈసారి డాక్టరమ్మకి మొదటి రోజే పాత కార్డు చూపించినాను. ఆమె పన్నెండో వారం నుంచి రాత్రిపూట చిన్న డోసు ఆస్ప్రిన్ వేసుకోమనింది, ముప్పై ఆరో వారం దాకా. అది ఎవరికి వాళ్ళు కొనుక్కుని మింగే మాత్ర కాదు, ఎవరికి అవసరమో డాక్టరే చెప్పాలి, కానీ ముందు కాన్పులో బీపీ వచ్చినవాళ్ళు, షుగర్, కిడ్నీ జబ్బు, మామూలుగానే బీపీ ఉన్నవాళ్ళు, కవల పిల్లలు ఉన్నవాళ్ళు మూడో నెలలోనే పోయి అడగాలి, ఐదో నెలలో అడిగితే దానివల్ల వచ్చే లాభం చాలా మటుకు పోతుంది. కాల్షియం మాత్రలు ప్రభుత్వమే ఊరికే ఇస్తుంది, పద్నాలుగో వారం నుంచి రోజుకి రెండు, కాన్పయినాక ఆర్నెల్ల దాకా. మన తిండిలో కాల్షియం తక్కువ ఉన్నవాళ్ళకి అది ఈ బీపీ జబ్బు వచ్చే ప్రమాదాన్ని కూడా తగ్గిస్తుందంట, ఎముకలకి మాత్రమే కాదు. ఐరన్ మాత్రతో కలిపి ఒకేసారి మింగితే కాల్షియం ఆ ఐరన్‌ని ఒంటికి సరిగ్గా పట్టనియ్యదు, రెండూ వేరే వేరే టైంలో వేసుకోవాలి. మా వీధిలో ఎంతమంది ఇండ్లలో ఆ మాత్రలు ఫ్రిజ్ మీద డబ్బాలో అట్లే పడి ఉంటాయో నేను కళ్ళారా చూసినాను. అదే అవ్వ చేసిన బార్లీ నీళ్ళు, ఉప్పు మానేయడం, ఇరవై నాలుగ్గంటలూ మంచం మీద పడుకోబెట్టడం ఈ జబ్బుని ఆపవంట. నర్సింగ్ చదివిన మా ఆడపడుచు కూతురు చెప్పేదాకా మేం పదిమందికి అదే సలహా ఇచ్చినాం.

ఆ సంవత్సరం లాక్‌డౌన్, ఆస్పత్రికి పోవాలంటేనే భయం, అందుకని మా ఆయన ఒక బీపీ మిషన్ కొనుక్కొచ్చినాడు. రోజూ పొద్దున ఐదు నిమిషాలు కదలకుండా కూర్చుని, వీపు ఆనించుకుని, కాళ్ళు రెండూ నేల మీద పెట్టి, చెయ్యి గుండె ఎత్తులో దిండు మీద పెట్టి, మాట్లాడకుండా చూసుకునేదాన్ని. రాసుకోవడానికి వేరే పుస్తకం లేక నా కొలతల పుస్తకంలోనే రాసినాను. ఇప్పటికీ ఉంది, ఎవరిదో జాకెట్టు పొడుగు 14, ఛాతీ 36, చెయ్యి ఆరున్నర, దాని పక్కనే నాది 118/76. కింద ఇంకొకరి కొలతలు, పక్కన 122/80. ముప్పై ఐదో వారంలో ఒక రోజు 136/88 వచ్చింది, సాయంత్రం మళ్ళీ చూసుకుంటే 142/92, ఆ పేజీ పట్టుకునే డాక్టరమ్మ దగ్గరికి పోయినాను. కడుపుతో ఉన్నవాళ్ళకి పనికొచ్చే మాత్ర మొదలుపెట్టింది, మామూలు బీపీ మాత్రల్లో కొన్ని బిడ్డకి చెడుపు చేస్తాయి కాబట్టి పక్కింటి వాళ్ళ మాత్ర అడిగి వేసుకోకూడదు. ముప్పై ఏడో వారం నిండినాక కాన్పు చేసినారు. బాబు 2.7 కిలోలు, నా పక్కలోనే పడుకోబెట్టినారు.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. టేపు పెట్టేది ఒకరు, రాసేది ఒకరు అయితే కొలత గట్టిగా చదవాలి. ముప్పై ఆరు అని నేను చదువుతాను, రాసే పిల్ల "ముప్పై ఆరు" అని తిరిగి చెప్తుంది, కొలత ఇచ్చే ఆమె కూడా వింటుంది, "పోయినసారి ముప్పై నాలుగే కదా అక్కా" అని ఆమే అంటుంది. తప్పు రాదు. బీపీ చూసే ప్రతి చోట ఈ ఒక్క పద్ధతి పెట్టమని నా మనవి. గట్టిగా చదవండి, కార్డులో రాయండి, పోయినసారి ఎంత ఉందో పక్కన చూసి ఆ మనిషికి చెప్పండి. దీనికి కొత్త మిషన్ అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు. 140/90 అంటే ఆ రోజే మళ్ళీ చూపించుకోవాలని, 160/110 అంటే ఉన్న పళంగా పెద్దాస్పత్రికి పోవాలని, ఈ రెండు నంబర్లు కడుపుతో ఉన్న ప్రతి పాపకీ, ఆమె మొగుడికీ, ఆమె తల్లికీ నోటికి రావాలి. బస్సు నంబరు గుర్తుపెట్టుకునేవాళ్ళం, కరెంటు మీటర్ నంబరు గుర్తుపెట్టుకునేవాళ్ళం, ఇది పెట్టుకోలేమా.

2016 నుంచి ప్రతి నెలా 9వ తారీఖున ప్రభుత్వ ఆస్పత్రుల్లో గర్భిణీలకి ఊరికే పరీక్షలు చేసే రోజు నడుస్తా ఉంది, ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ అని. ప్రమాదం ఉన్నవాళ్ళ కార్డు మీద ఎర్ర స్టిక్కర్ వేస్తారు. మంచి పథకం. కానీ ఎర్ర స్టిక్కర్ ఎందుకు వేసినారో తెలియక ఇంటికొచ్చి గీకేసిన పాపని నేను చూసినాను, దిష్టి అనుకునిందంట. సంపాదకులు గారూ, మీరు ప్రతి నెలా 8వ తారీఖు జిల్లా పేజీలో ఒక చిన్న బాక్స్ వేయండి, రేపు 9 అని, తగ్గని తలనొప్పి, కళ్ళ ముందు మెరుపులు, డొక్క కింద నొప్పి, ఉన్నట్టుండి మొహం చేతులు వాపు ఉంటే ఆగొద్దని, ఆ రెండు నంబర్లు పెద్ద అక్షరాల్లో. మే 22 ఈ జబ్బు గురించి ప్రపంచమంతా చెప్పుకునే రోజు, ఆ రోజు ఫ్యామిలీ పేజీలో దీని మీద ఒక డాక్టరమ్మతో వివరంగా రాయించండి. పుత్తూరు కట్టు గురించి పక్క రాష్ట్రాల్లో కూడా అందరికీ తెలుసు, ఎముక విరిగితే ఎక్కడికి పోవాలో మన జిల్లాలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. బాలింతకి తలనొప్పి వస్తే ఎక్కడికి పోవాలో తెలియదు.

నాకిప్పుడు ముప్పై ఎనిమిది. కాన్పులో ఈ బీపీ వచ్చినవాళ్ళకి తర్వాత వయసులో గుండెజబ్బు, పక్షవాతం వచ్చే అవకాశం మిగతావాళ్ళకంటే దాదాపు రెండింతలు అని తెలిసినాక ఏడాదికి ఒకసారి తప్పకుండా బీపీ, షుగర్, కిడ్నీ పరీక్ష చేయించుకుంటున్నాను. మోకాళ్ళ నొప్పికని, జ్వరానికని ఎంతమంది డాక్టర్ల దగ్గరికి పోయి ఉంటాను, "కాన్పులో బీపీ వచ్చిందామ్మా" అని ఒక్కరూ అడగలేదు. ఇప్పుడు నేనే చెప్తాను, కూర్చున్న వెంటనే చెప్తాను.

మా తమ్ముడి భార్యకి ఇప్పుడు ఏడో నెల. వచ్చే గురువారం సీమంతం, ఆ సాయంత్రమే వాళ్ళమ్మావాళ్ళు శ్రీకాళహస్తికి పిల్చుకుని పోతారు. ఆమె కార్డు మూడు జిరాక్సులు తీయించినాను, ఒకటి మా దగ్గర, ఒకటి వాళ్ళమ్మ దగ్గర, ఒకటి ఆ ఊరి ఆశా ఆమెకి. అసలుది సీమంతం చీర మడతలో పెట్టినాను. గాజులు ఒక సైజు పెద్దవే తెచ్చినాను. నిన్న రాత్రి ఫోన్ చేసి ఎంతుంది పాపా అంటే అన్నం తింటా తింటా "నూట పద్నాలుగు బై డెబ్బై రెండు వదినా, పోయిన వారం నూట పది బై డెబ్బై" అనింది.

ఇట్లు,
ఒక టైలర్, కొర్లగుంట, తిరుపతి
(పేరు వేయవద్దని మనవి)